అక్క చీటీలో మిగిలిన సగం

ఆ రోజు నేను మా అక్క పరువు కాపాడానా, నా పరువే చూసుకున్నానా? ఏడేళ్ళుగా ప్రార్థనకు మోకరించిన ప్రతిసారీ ఈ సందేహం నన్ను వదల్లేదు.

మా దీవిలో, ప్రోతరాపూర్‌లోని మా తెలుగు చర్చిలో ప్రార్థన మనవులు చీటీల మీద రాసి ఇస్తారు. ఆరాధనలో వాటిని పైకి చదివి, చదివినవి బల్ల మీది రేకు డబ్బాలో వేయడం నా పని. వైద్యానికి చెన్నై షిప్పు ఎక్కబోయే ముందు ఆదివారం మా ప్రేమావతక్క కూడా ఒక చీటీ ఇచ్చింది. విప్పి చూస్తే, నలుగురిలో చదివే సంగతి కాదనిపించింది. "మన సహోదరి ప్రేమావతి అనారోగ్యం కోసం ప్రార్థించండి" అని మాత్రం చెప్పి, చీటీని నా బైబిల్లో పెట్టేశాను.

బయటకొచ్చాక అక్క నవ్వింది. "ఒరే లాజరస్, సగమే చదివావు. మిగతా సగం నాకు బాకీ."

"నువ్వు తిరిగొచ్చాక చదువుతాలే అక్కా."

అక్క తిరిగి రాలేదు. చెన్నైలోనే ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయింది.

ఈమధ్య నర్సు దుర్గ మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి అబిగేలుకు పద్నాలుగేళ్ళు నిండాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఈ వయసు ఆడపిల్లలకు సూది వేస్తున్నామని, శనివారం ఆరోగ్య కేంద్రానికి తీసుకురమ్మని చెప్పి, తల్లిదండ్రులు సంతకం చేయాల్సిన కాగితం ఇచ్చింది.

మా ఆవిడ రాజకుమారి ఆ కాగితం ముట్టుకోలేదు. "అది మొగుడూ పెళ్ళాల మధ్య అంటుకునేదట కదా సిస్టర్. చదువుకునే పిల్లకి ఇప్పుడెందుకు? పెళ్ళి కుదిరాక చూద్దాం."

"అంతవరకూ ఆగడం దేనికి దీదీ? ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఒంట్లోకి రాకముందే వేయాలి. చిన్న వయసులో వేస్తే ఇంకా బాగా పనిచేస్తది."

"మా పిల్ల అలాంటిది కాదు."

"అరే, ఎవరన్నారు? పోలియో చుక్కలు వేసినప్పుడు పిల్ల ఎలాంటిదని అడిగామా?"

"ప్రార్థన చేసుకుని చెప్తాం" అన్నాను నేను.

"ప్రార్థన మీరు చేయండి భయ్యా, సూది నేను వేస్తా. ఇందులో ఝగడా ఏముంది?" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

"చర్చిలో తెలిస్తే పిల్ల గురించి ఏమనుకుంటారండీ?" అంది రాజకుమారి. నాకూ అదే భయం. సూది వేయిస్తే పిల్ల మీద నమ్మకం లేనట్టా? దేవుడి మీద నమ్మకం లేనట్టా? మరి అక్కకు ఏ నమ్మకం తక్కువైంది?

రోజూ సాయంత్రం అబిగేలుతో బైబిల్ చదివిస్తాను. బడిలో హిందీ, ఇంగ్లిషు చదువు కావడంతో తెలుగు మాట్లాడినంత బాగా చదవలేదు. శుక్రవారం పేజీలు తిప్పుతుంటే చీటీ జారిపడింది.

"యే క్యా హై నాన్నా? ప్రే... మా... ప్రేమావతత్త రాసిందా? ఈ చేతిరాత నాకు రావట్లేదు, నువ్వే చదువు."

కూరగాయలు తరుగుతున్న రాజకుమారి చేయి ఆగింది. ఈసారి కూడా సగమే చదివితే పిల్లకు తెలియదు. కళ్ళజోడు పెట్టుకుని మొత్తం చదివాను.

"నాకు గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ వచ్చింది. సిగ్గుపడి ఎవరికీ చూపించుకోలేదు. ముందే వస్తే నయమయ్యేదని డాక్టరమ్మ చెప్పింది. అక్కచెల్లెళ్ళారా, మీరు నాలా చేయకండి. నా కోసం ప్రార్థించండి."

అబిగేలు చీటీని తన వైపు తిప్పుకుంది. "అత్త ఏం తప్పు చేసిందని వచ్చింది?"

నాకంటే ముందు రాజకుమారే చెప్పింది. "ఏ తప్పూ చేయలేదే. మావయ్య ఒక్కడితోనే కాపురం చేసింది. అయినా వచ్చింది." చేతులు కొంగుకు తుడుచుకుని నా వైపు తిరిగింది. "ఆ కాగితం ఎక్కడ పెట్టారు?"

శనివారం దుర్గ సూది గుచ్చుతుంటే అబిగేలు కళ్ళు గట్టిగా మూసుకుంది. "అయిపోయిందా? బస్, ఇంతేనా?"

"మరి బ్యాండు మేళం పెట్టించమంటావా?" అంది దుర్గ. తర్వాత రాజకుమారి వైపు చూసింది. "దీదీ, నువ్వూ ఒకరోజు వచ్చి పరీక్ష చేయించుకో." రాజకుమారి తలూపింది. కాసేపు కూర్చోమంటే, పిల్ల తల్లి భుజం మీద తల వాల్చి బిస్కెట్లు తింది.

"నాన్నా, నా ఫ్రెండు లవీనా రాలేదు. చర్చిలో ఏమైనా అంటారని వాళ్ళ మమ్మీ వద్దందట" అంది బస్సులో.

ఆదివారం చీటీలన్నీ చదివాక బైబిల్లోంచి ఆఖరిది తీశాను.

"ఇది ఏడేళ్ళ కిందటిది. మా అక్క రాసింది. అప్పుడు నేను సగమే చదివాను."

ఒక్క మాట కూడా దాటేయకుండా, మార్చకుండా చదివాను. ఆడవాళ్ళ వైపు విసనకర్రలు ఆగిపోయాయి. లవీనా వాళ్ళమ్మ తలెత్తి నన్నే చూస్తోంది. ఆ వెనక వరసలో అబిగేలు పెదవులు నాతోపాటు కదులుతున్నాయి.

చీటీ మడిచి రేకు డబ్బాలో వేశాను.