అన్నెట్యె కైపర్ సమాధి

ఎక్స్‌కవేటర్ బకెట్ గాల్లోనే ఆగిపోయింది. దాని కింద బురదలో డెబ్బై ఏళ్ల మార్జరీ వాన్ బ్రామ్ మఠం వేసుకుని కూర్చుంది.

"మా ముత్తవ్వ మీద గడ్డపార పడాలంటే ముందు నా మీద పడాలి," అని అరుస్తోంది. ఇద్దరు పోలీసులు ఆమెను బతిమాలుతున్నారు. పసుపు టేపుకు ఇవతల నలభైమంది గుడి సభ్యులు, చేతుల్లో భూమిపూజ తాంబూలాలతో అలాగే నిలబడిపోయారు.

నిధి కారు దిగి పరుగున వచ్చింది. ముళ్లపొదల మధ్య ఎర్ర ఇసుకరాయి ఒకటి నిలబడి ఉంది. దాని మీద అక్షరాలు అరిగినా చదవడానికి వీలుగానే ఉన్నాయి: అన్నెట్యె కైపర్, 1741. ఆరడుగుల దూరంలో మోకాలెత్తు రాయి ఇంకొకటి. తల దగ్గర పెద్దరాయి, కాళ్ల దగ్గర చిన్నరాయి. న్యూజెర్సీలో తొలినాటి డచ్చివాళ్ల పద్ధతి అదే.

పక్కనే నిధి తండ్రి రవికుమార్ మొహంలో నెత్తురు చుక్క లేదు. గుడి కోసం కొన్న, ఒకప్పుడు వాన్ బ్రామ్‌లదైన ఈ పన్నెండు ఎకరాల పాత పొలాన్ని సర్వే చేసి, ఇందులో సమాధులు లేవని రాసి సంతకం పెట్టిన ఇంజనీరు ఆయనే. ఉన్నాయని తేలితే లైసెన్స్ పోతుంది. దీని మీద రేపు ఉదయం పదింటికే, ఊరి పాలన చూసే టౌన్‌షిప్ బోర్డు ముందు హియరింగ్.

"ఏప్రిల్‌లో ఈ పొదలన్నీ అంగుళం అంగుళం తిరిగాను తల్లీ. ఈ రాయి లేదు," అన్నాడు.

"ఉంది కదయ్యా కళ్లముందు!" గుడి కమిటీ ప్రెసిడెంట్ మల్లికార్జునరావు దగ్గరికొచ్చాడు. "ఐదొందల మంది పట్టే హాలు కావాలంటే నీరు నిలిచే నేల, కుదరదు అంటూ ఏడాది నుంచి నా ప్రాణం తీశావు. నీళ్లు కనపడ్డాయి గానీ సమాధి కనపడలేదా?"

రవికుమార్ తల దించుకున్నాడు. మల్లికార్జునరావు నిధి వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"ఇది ఆ మార్జరీ పనే, నాకు తెలుసు. గుడి వద్దని మొదటి నుంచీ గోల చేస్తోందిగా. కానీ ఒక్కరోజులో ఏం ప్రూవ్ చేస్తాం? మీ డాడీని గౌరవంగా తప్పుకోమను అమ్మా. మిగతాది నేను మేనేజ్ చేస్తా."

"ఒక్కరోజు చాలు, అంకుల్," అంది నిధి.

పాత కుటుంబాల వంశవృక్షాలు తవ్వి తీయడమే ఆమె ఉద్యోగం. వారసుల కోసం వెతికే లాయర్లకూ, తమ తాతలు మొదటి ఓడల్లో దిగారని రుజువు కావాలనుకునే పెద్దమనుషులకూ కాగితాలు వెతికి పెడుతుంది. పార్సిప్పనీ ఊళ్లోని తెలుగు ఆంటీలకు మాత్రం ఆ ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ అర్థం కాదు.

పదకొండింటికల్లా కౌంటీ లైబ్రరీలో వాన్ బ్రామ్ కుటుంబం ఫోల్డర్ ముందు కూర్చుంది. సమాధి మీద ఇంటిపేరు వేరు కాబట్టి అన్నెట్యె మార్జరీ పూర్వీకురాలు కాదని గుడివాళ్లు అప్పుడే వాదన మొదలుపెట్టారు. ఆ వాదన నిలవదని నిధికి తెలుసు. ఆ కాలపు డచ్చి ఆడవాళ్లు పెళ్లయ్యాక కూడా పుట్టింటి పేరుతోనే బతికారు. ఐదుగురు పిల్లల బాప్టిజం పద్దుల్లోనూ తండ్రి హెండ్రిక్ వాన్ బ్రామ్, తల్లి అన్నెట్యె కైపర్. మార్జరీ అబద్ధం చెప్పలేదు.

తర్వాత హెండ్రిక్ వీలునామా తీసింది. 1743. రెండో పేజీలో వేలు ఆగిపోయింది. 'కొండ మీది రాతి చర్చి ఆవరణలో, నా భార్య అన్నెట్యె పక్కన నన్ను పూడ్చండి.'

ఆ చర్చి గుడి స్థలానికి పదకొండు మైళ్ల దూరం. అన్నెట్యె అక్కడ ఉంటే ఆమె రాయి గుడి స్థలంలోకి ఎలా నడిచొచ్చింది?

నిధికి కుర్చీలోంచి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఫోల్డర్ మూస్తుంటే అట్ట లోపలి కాగితం కంటబడింది. ఆ కుటుంబం మీద పనిచేసేవాళ్లు పేరూ తేదీ రాసి వెళ్లడం అక్కడి ఆనవాయితీ. చివరి పేరు ఆమె తండ్రిది. ఏప్రిల్ తొమ్మిది.

ఇక్కడికి వచ్చిన సంగతి ఆయన ఆమెకు చెప్పనేలేదు.

చర్చికి డ్రైవ్ చేస్తున్నంతసేపూ ఆ పేరే కళ్లముందు ఆడింది. ఆవరణలో హెండ్రిక్ రాయి ఉంది. పక్కన ఖాళీ. పడిపోయిన రాళ్లని షెడ్డు వెనక ఆనించి పెట్టామనీ, వాటిని ఎవరూ లెక్కపెట్టలేదనీ అక్కడి కాపలా ముసలాయన చెప్పాడు.

"ఇక్కడ పెద్దరాళ్లన్నీ ఒకవైపే ఉన్నాయేం?" అని అడిగింది.

"పడమర తల, తూర్పు కాళ్లు. చచ్చినవాళ్లు తిరిగి లేచిన రోజున సూర్యుడు ఎదురుగా ఉండాలి కదమ్మా. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకి ఎవరికైనా తెలుసు."

నిధి పొద్దున తీసిన ఫోటో తెరిచింది. నీడల్ని బట్టి దిక్కులు చూసుకుంది. గుడి స్థలంలో పెద్దరాయి దక్షిణాన ఉంది. చిన్నరాయి ఉత్తరాన.

మూడేళ్ల కిందట నానమ్మ పోయినప్పటి ఫ్యూనరల్ హోమ్ గుర్తొచ్చింది. ఫోన్లో కంపాస్ పెట్టుకుని అంకుల్స్ అందరూ పెట్టెని తిప్పించారు. "దక్షిణం తల, దక్షిణం తల!" అని ఒకటే హడావిడి.

మార్జరీ ఈ పొరపాటు చస్తే చెయ్యదు. చేసినవాడు మనవాడే. చచ్చిపోయిన మనిషంటే చెయ్యి దానంతటదే దక్షిణానికి పోయేవాడు.

మనవాళ్లలో ఈ చర్చి సంగతి తెలిసింది ఎవరికి?

ఇంటికెళ్లేసరికి రవికుమార్ కిచెన్ టేబుల్ దగ్గర చల్లారిన టీ ముందు కూర్చున్నాడు.

"నాన్నా, నువ్వు ఆ చర్చికి వెళ్లావా?"

"వెళ్లాను."

"ఎందుకు చెప్పలేదు నాకు?"

ఆయన ఆమె కళ్లలోకి చూశాడు. "నన్నే డౌట్ పడుతున్నావా?"

నిధి చల్లారిన టీ తీసుకెళ్లి సింకులో పారబోసింది. ఆయన మొహం వాడిపోయింది.

"సమాధులు లేవని ఊరికే రాస్తానా? వాన్ బ్రామ్‌లందర్నీ ఎక్కడ పూడ్చారో వెతికి, చర్చి ఫోటోలు, షెడ్డు వెనక రాళ్లతో సహా రిపోర్టుకి నాలుగో అనుబంధంగా పెట్టాను. టౌన్‌షిప్‌లో ఫైల్ చెయ్యమని ఒక్క కాపీ ఇచ్చాను."

"ఎవరికి?"

"వద్దులే."

"నాన్నా! ఎవరికి?"

"ఇరవై ఆరేళ్ల స్నేహం నిధీ. జాబ్ పోయి రోడ్డున పడ్డప్పుడు ఆ ఇంట్లో ఆర్నెల్లు తిన్నాం. నా లైసెన్స్ పోతే పోనీ. నా నోటితో ఆ పేరు చెప్పను."

మర్నాడు తొమ్మిదింటికే నిధి టౌన్‌షిప్ ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి ఫైలు మొత్తం చూపించమంది. ఒక్క కాగితం అడిగితే ఒక్క కాగితమే ఇస్తారని ఆమె వృత్తిలో మొదటి రోజే నేర్చుకుంది.

హియరింగ్ హాలు కిక్కిరిసింది. ముందు వరుసలో మార్జరీ, మల్లికార్జునరావు చెరో చివర కూర్చున్నారు. బోర్డు ఛైర్‌వుమన్ పిలవగానే నిధి లేచింది. వీలునామా చదివింది. చర్చిలోని ఖాళీ చూపించింది. రాయి దొంగిలించి తెచ్చిందేనని చెప్పింది. మార్జరీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మా నాన్న రిపోర్టు మొదటి పేజీలో అనుబంధాలు నాలుగు అని ఉంది. మీ ఫైల్లో మూడే ఉన్నాయి. నాలుగోదాంట్లో ఆ రాళ్లు ఎక్కడున్నాయో ఉంది. అది మధ్యలో ఎవరో తీసేశారు."

"ఎవరో అంటే?" అంది ఛైర్‌వుమన్.

"అదే ఫైల్లో ఇంకో ప్లాన్ ఉంది. వేరే ఇంజనీర్ గీసింది. ఐదొందల మంది పట్టే హాలు. పక్కన చిన్న కంచె, లోపల 'పాత సమాధి' అని మార్క్ చేశారు." నిధి కాగితాన్ని పైకెత్తింది. "సమాధి బయటపడింది నిన్న. ఈ ప్లాన్ ఇక్కడ ఇచ్చి పదహారు రోజులైంది."

హాలంతా ఒక్కసారి కుర్చీల చప్పుడు. వెనకెవరో "ఓరి నాయనో" అన్నారు.

"రిపోర్టు తెచ్చిచ్చిన రసీదు మీదా, ఈ ప్లాన్ దరఖాస్తు మీదా సంతకం ఒక్కటే."

"ఎవరిది?"

"నిధీ, వద్దమ్మా," అన్నాడు రవికుమార్. ఆయన తల ఎత్తలేదు.

నిధి ఆయన్ని చూసింది. ఆయన ఎవర్ని కాపాడుతున్నాడో ఆ మనిషి ముందు వరుసలో కళ్లద్దాలు తుడుచుకుంటున్నాడు.

"అంకుల్‌ది," అంది.

"'అంకుల్' అని రికార్డులో రాసుకోలేం. పూర్తి పేరు చెప్పండి."

ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన్ని ఆమె పేరుతో పిలిచింది లేదు. నిధి ముందు వరుస వైపు తిరిగి, ప్రతి అక్షరం అందరికీ వినపడేలా చెప్పింది.

"మల్లికార్జునరావు."