షెడ్డులో మగ్గం

మధ్యాహ్నం రెండు దాటినా రేకుల షెడ్డులో కుట్టుమిషన్లు ఆగలేదు. శనివారం ఓడకెక్కాల్సిన దుప్పట్లు ఇంకా నాలుగు వందలున్నాయి. ఆండాలు అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. ఒక దుప్పటి అంచు కుడితే నలభై పైసలు. పొద్దంతా నడుం వంచితే పది రూపాయలు. ప్రతి దుప్పటి మూలనా చిన్న గుడ్డముక్క కుట్టాలి. దాని మీద ఇంగ్లీషులో ‘చేనేత’ అని ఉంటుందని గుమాస్తా చెప్పాడు.

అవి చేత్తో నేసినవి కావు. మరమగ్గాల గుడ్డ తానులుగా లారీలో వచ్చేది. ఎల్బీనగర్ చౌరస్తా అవతల, జొన్నచేలు ప్లాట్లుగా మారిన చోట వేసిన ఈ షెడ్డులో దాని మీద నల్గొండ నేతగాళ్ల పూలు అద్దేవారు.

ఆండాలు భర్త మట్టయ్య ఆ పూలు నిజంగా నేసినవాడే. మూడేళ్ల కింద నూలు ధర పెరిగింది, నేతగాళ్ల సహకార సంఘం గుడ్డ కొనడం మానేసింది. ఊళ్లో మగ్గం అమ్మేసి ఇక్కడికి వచ్చి, కొత్త కాలనీల ఇళ్లకు ఇటుకలు మోస్తున్నాడు. వారం కింద షెడ్డు యజమాని విశ్వేశ్వరరావు అతన్ని పిలిపించాడు.

“జర్మనీ నుంచి కొనేవాళ్లు వస్తున్నారయ్యా. ఇక్కడో మగ్గం పెట్టిస్తున్నాను. వాళ్లు వచ్చేసరికి నువ్వు నేస్తూ కనపడాలి. రోజుకి ఇరవై ఇస్తాను.”

మట్టయ్య చెవికి మగ్గం అన్న మాటొక్కటే ఎక్కింది. వారమంతా ఒక్కో నిలువు పోగూ అతికి మగ్గానికి పడుగు ఎక్కించాడు. “ఒకటి నడిస్తె ఇంక నాలుగు పెడ్తడు. మనూరోళ్లను పిలుస్త,” అన్నాడు భార్యతో. ఆమెకు నమ్మకం కుదరలేదు. మూడేళ్ల తర్వాత ఆ చేతులు అంత తేలిగ్గా కదలడం చూస్తూ ఆ మాట ఎలా అంటుంది?

మూడు గంటలకు కారు వచ్చింది. ఒక తెల్లాయన, ఆయన వెంట బొంబాయి ఏజెంటు. అప్పటికే ఆండాలును మిషన్ మీంచి లేపి రాట్నం దగ్గర కూర్చోబెట్టారు. మట్టయ్య నేస్తున్నాడు. తెల్లాయన వంగి చూసి తల ఊపాడు. ఏజెంటు కట్టలోంచి ఒక దుప్పటి లాగి, ఇది నువ్వు నేసిందేనా అని హిందీలో అడిగాడు.

అవునని చెప్పమన్నట్టు విశ్వేశ్వరరావు కళ్లతో సైగ చేశాడు. మిషన్లన్నీ ఆగాయి. మట్టయ్య దుప్పటి తిరగేశాడు. వెనక వైపు పూలు పాలిపోయి ఉన్నాయి. మగ్గం మీది గుడ్డ అంచు పైకెత్తి చూపాడు. అటూ ఇటూ ఒకటే రంగు.

“బునా నహీ సాబ్. ఛాపా హై,” అన్నాడు. నేసింది కాదు, అద్దింది.

ఆండాలు తిప్పుతున్న రాట్నం ఆపేసింది. కానీ ఏజెంటు నవ్వాడు. తెల్లాయనకు చెబితే ఆయనా నవ్వాడు. వాళ్లకు ముందే తెలుసు. అద్దకమని షెడ్డువాళ్ల నోటే అనిపించడమే వాళ్లకు కావలసింది. అద్దకమైతే ధర తగ్గించాలనీ, ఇంతకన్నా చవగ్గా అద్దే దేశాలు చాలా ఉన్నాయనీ ఏజెంటు విశ్వేశ్వరరావుకు చెప్పాడు. చేనేత గుడ్డముక్క మాత్రం అలాగే ఉండాలి. దుప్పటి అట్టపెట్టె మీద వేయడానికి మగ్గం ఫొటో ఒకటి కావాలి.

విశ్వేశ్వరరావు ఆడవాళ్ల వైపు తిరిగాడు.

“విన్నారుగా! ఇకనించి అంచుకి ముప్పై పైసలే. ఎందుకని అడగాలనుకుంటే మట్టయ్యనే అడగండి.”

“అవునంటే ఏం పోతుండెనయ్యా నీకు?” అంచులు కుట్టే పెంటమ్మ మిషన్ మీంచే అరిచింది. “అందరి నోటికాడి బువ్వ గుంజితివి.”

మట్టయ్య తల దించుకున్నాడు. ఆండాలుకూ భర్త మీద ఒళ్లు మండింది. కిరాయి కట్టాల్సిన రోజు ఎల్లుండే.

“సరే, అయిందేదో అయింది. ఫొటోకి కూర్చుని కాస్త నవ్వు,” అన్నాడు విశ్వేశ్వరరావు.

మట్టయ్య మగ్గం దిగాడు. “నేను గూసోను సార్. గా దుప్పటి పెట్టె మీద నా మొకం వద్దు.”

“అయితే రేపట్నించి మీ ఇద్దరూ రావద్దు.”

ఆండాలు రాట్నం మీంచి చెయ్యి తీసి లేచి నిలబడింది. ఎవరూ ఆమెను ఆపలేదు.

వాచ్‌మన్ అంతయ్యను పిలిచి, చొక్కా విప్పించి, తలకు తువ్వాలు చుట్టి మగ్గం ఎక్కించారు. కెమెరా మెరిసింది. ఇంకోసారి అన్నాడు తెల్లాయన. అంతయ్య కంగారుగా కాళ్ల కింది చెక్కలు రెండూ ఒక్కసారే తొక్కి, అడ్డపోగు తీసుకెళ్లే నాడె విసిరాడు. పడుగులో పోగులు టపటప తెగాయి.

గుమ్మం దాకా వెళ్లిన మట్టయ్య ఆ చప్పుడుకు తిరిగి రెండడుగులు లోపలికి వేశాడు. అతని వేళ్లు అప్పుడే పోగు అతకబోతున్నట్టు కలిశాయి.

ఆండాలు ఆ చేతిని పట్టుకుంది.

“తెగనియ్యి,” అంది.