పాచిక కడుపులో ఏముంది

వడ్రంగికి తన చేతిమీద ఎంత గురి అంటే, పనిలో టేపు తీయడం కూడా నామోషీ అనుకునేవాడు. ఏడో తరగతి చదివే మనవరాలు లెక్కల పాఠానికి కావాలని అడిగితే, ఒకే చెక్కలోంచి నిమ్మకాయంత పాచికలు రెండు తీసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది, చుక్కలు దిద్ది ఇచ్చాడు.

వారం తిరక్కుండానే ఆ పిల్ల నోటుపుస్తకంతో షెడ్డులోకి వచ్చింది.

"తాతా, నీ పాచికల్లో ఒకదానికి ఏదో తేడా ఉంది."

చిత్రిక పడుతున్న చెయ్యి ఆగిపోయింది. మూలమట్టం తెచ్చి పాచిక అంచులన్నిటికీ ఆనించి చూపించాడు. వెంట్రుక దూరేంత సందు కూడా లేదు.

"బయట బాగానే ఉంది తాతా. తేడా లోపల."

"లోపలి సంగతి నీకెలా తెలుసే? కోసి చూశావా?"

"కోయలేదు. ఆరొందల సార్లు వేశాను."

ఆయన పకపకా నవ్వాడు. పిల్ల మాత్రం నవ్వలేదు. "ఆరు వైపులూ సమానమైతే ఒక్కోటీ పడే అవకాశం ఆరింట ఒక వంతు. ఇది వెయ్యకముందే చెప్పొచ్చు. అది సైద్ధాంతిక సంభావ్యత. వేసి, లెక్కపెట్టి చూసుకుంటే వచ్చేది ప్రయోగాత్మక సంభావ్యత."

"సరే, చూద్దాం" అని రెండో పాచిక తీసి పన్నెండుసార్లు వేశాడు. అయిదు చుక్కలు అయిదుసార్లు పడ్డాయి. రెండు ఒక్కసారీ పడలేదు.

"ఏదీ నీ ఆరింట ఒక వంతు?"

"పన్నెండు ఏ మూలకి తాతా? ఇంకా వెయ్యి."

పంతం కొద్దీ వేస్తూ కూర్చున్నాడు. పిల్ల గీతలు పెడుతూ పోయింది. అరవై దగ్గర హెచ్చుతగ్గులు అలాగే ఉన్నాయి. మూడొందలకి సర్దుకోవడం మొదలైంది. ఆరొందలు పూర్తయ్యేసరికి ఒకటి నుంచి ఆరు దాకా వరసగా తొంభై ఆరు, నూట మూడు, నూట ఎనిమిది, తొంభై అయిదు, నూట ఒకటి, తొంభై ఏడు.

వడ్రంగి ఆ అంకెల మీద వేలు పెట్టి మళ్లీ ఒక్కొక్కటే చదివాడు. ప్రతిసారీ దాని ఇష్టం వచ్చినట్టే దొర్లిన చెక్కముక్క అది.

"అన్నీ వంద చుట్టూనే తిరగమని దీనికెవరు చెప్పారే?" అన్నాడు గొంతు తగ్గించి.

"ఎవరూ చెప్పలేదు తాతా. ఇప్పుడు నేను వేసిన మొదటి పాచిక లెక్క చూడు."

అందులో ఆరు నూట నలభై మూడుసార్లు, దానికి ఎదుటివైపున్న ఒకటి అరవై ఒక్కసారే. మిగతావన్నీ వంద దగ్గరే ఉన్నాయి.

"ఒకటి వైపు బరువెక్కువ ఉండుంటుంది. అందుకే అది కిందికి పోయి ఆరు పైకి వస్తోంది."

వడ్రంగి ఇక ఆగలేకపోయాడు. పాచికని బిగించి, సన్నరంపంతో నిలువునా కోశాడు. సరిగ్గా ఒకటి చుక్క కింద, గోరంత వెడల్పున, నల్లగా గట్టి ముడి! పైన చర్మంలా పల్చటి చెక్క కప్పి ఉంది.

ఆయన రెండు ముక్కల్నీ ఒక అరచేతిలో పెట్టుకుని, ముడిని బొటనవేలితో తడిమి చూశాడు. నలభై ఏళ్లు చెక్కతోనే బతికిన చేతులకి అందని ముడి, రంపం పట్టడం కూడా రాని పిల్లకి నోటుపుస్తకంలోని గీతల్లో దొరికింది.

మర్నాడు కొత్త పాచిక తయారైంది. బడికి తీసుకెళదామని వచ్చిన మనవరాలికి తాత నేలమీద బాసింపట్టు వేసుకుని కనిపించాడు. పక్కనున్న చెక్క నిండా పెన్సిలు గీతలే.

"ఇయ్యి తాతా, బడికి టైమవుతోంది."

"ఉండవే! మూడొందల పన్నెండు అయ్యాయి. మాట్లాడించి లెక్క తప్పించకు."