రెండో చరణంలో పరుగు

ఒకచోట కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. చర్చిలో ప్రార్థన ముగిసేలోపు మూడుసార్లు మంచినీళ్లకు లేచేవాణ్ని. ఇప్పుడు స్కూల్లో సోషల్ పాఠం చెబుతూ కూడా బోర్డుకూ తలుపుకూ మధ్య తిరుగుతూనే ఉంటాను. పిల్లలు నా వెనక 'షటిల్ సార్' అంటారని నాకు తెలుసు. అలాంటివాణ్ని పదకొండేళ్లుగా ఒక రాక్ బ్యాండ్ నడుపుతున్నాను. బ్యాండ్ పేరు 'గేటు పడింది'. పాట, గిటార్ నేను. బేస్ గిటార్ మా బాబాయి కూతురు షెకీనా. వెనక డ్రమ్స్ మీద కలీముల్లా భాయ్, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద.

మా ప్రాక్టీస్ గది మెట్టుగూడలో, మా ఇంటి వెనక, రైలు పట్టాల పక్కనే. ఇరుగుపొరుగు తిట్టకుండా గోడలకు పాత పరుపులు కట్టాం. అవి కలీం భాయ్ తెచ్చినవే. అల్వాల్‌లో ఆయనకు పరుపుల దుకాణం ఉంది. వాళ్ల తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని వీధి వీధి తిరిగిన మనిషట. పరుపులు మా చప్పుడును బయటికి పోనివ్వవు గానీ, రైలును లోపలికి రాకుండా ఆపలేవు. రైలు వచ్చిందంటే గదంతా దాని మోతే. నా గిటార్ నాకే వినపడదు. అయినా ఆపేవాళ్లం కాదు. చివరి బోగీ దాటి మోత తగ్గేసరికి ముగ్గురం పాటలో ఒకే మాట మీద, ఒకే దెబ్బ మీద ఉండేవాళ్లం. చూడవచ్చినవాళ్లు నోరెళ్లబెట్టేవారు. "ప్రాక్టీస్ బాబూ, ప్రాక్టీస్" అని నేను కాలర్ ఎగరేసేవాణ్ని.

జూన్‌లో బొంబాయి నుంచి ఒక రికార్డింగ్ కంపెనీ ఎనిమిది బ్యాండ్లను ఎంపిక చేసింది. అందులో మాదొకటి. బోయిన్‌పల్లిలో ఒక ఫంక్షన్ హాల్లో మూడు వారాల తర్వాత వచ్చే శనివారం సాయంత్రం నాలుగింటికి అందరూ వాయించాలి. నచ్చిన ఒక్క బ్యాండ్‌తో ఆల్బమ్ చేస్తారు. నాకు ముప్పై మూడేళ్లు. ఇలాంటి పిలుపు రావడం ఇదే మొదలు. రెండోది వస్తుందని నమ్మేంత అమాయకుణ్ని కాను.

మా వీడియో కింద ఎవడో ఒక మాట రాశాడు: 'సింగర్ నిప్పు. డ్రమ్మర్ మాత్రం బ్యాంకు కౌంటర్‌లో కూర్చున్నట్టున్నాడు.' ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. వీడియో మళ్లీ చూశాను. నిజమే. కళ్లు సగం మూసి, మెడ కాస్త పక్కకు వాల్చి, ఒక్క విన్యాసం లేకుండా కొడుతున్నాడు కలీం భాయ్. ఇరవైసార్లు చూశాక నాకూ బ్యాంకు కౌంటరే కనిపించింది. ఆయన ఎదుట నిలబడి చెప్పే ధైర్యం లేక ఫోన్‌లో మెసేజ్ పెట్టాను. ఈసారికి వేరేవాళ్లతో చూస్తున్నామని, ఏమీ అనుకోవద్దని. ఐదు నిమిషాలకు జవాబు వచ్చింది. 'సరే తమ్మీ. పరుపులు అట్లనే ఉండనీ. వానకాలం గదా, కింద తడి తగలకుండ చూస్కో.'

నేను స్కూల్లో ఉన్నప్పుడు వచ్చి తన డ్రమ్స్ తీసుకుపోయాడు. తాళంచెవి కిటికీలో పెట్టి వెళ్లాడు. మూడు రోజులు షెకీనా నాతో మాట్లాడలేదు.

కొత్తగా వచ్చిన హరికిషన్ చెడ్డ డ్రమ్మర్ కాదు, ఆ మాట ముందే చెప్పాలి. చేతులు కనపడనంత వేగం. కర్రను గాల్లోకి ఎగరేసి, ఎదురుగా పెట్టుకున్న ఫోన్ కెమెరా వైపు నవ్వి, మళ్లీ పట్టుకుంటాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో అరవై వేలమంది చూస్తారు. మొదటి పాటలో నేను కాస్త ఊపు పెంచితే అతను రెండింతలు పెంచాడు. నాకు ఒళ్లు పులకరించింది. ఇన్నాళ్లూ నా కాలికి ఎవరో తాడు కట్టి ఉంచారని, అది తెగిందని సంబరపడ్డాను.

అప్పుడు రైలు వచ్చింది. అలవాటు ప్రకారం వాయిస్తూనే ఉన్నాం. మోత తగ్గేసరికి నేను పల్లవిలో ఉన్నాను. షెకీనా ఇంకా చరణంలోనే ఉంది. హరికిషన్ ఏ పాటలో ఉన్నాడో దేవుడికే తెలియాలి. ముగ్గురం ఆగిపోయి ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

"ట్రైన్ వస్తే ఆపేద్దాం బ్రో, సింపుల్" అన్నాడు హరికిషన్ నవ్వుతూ.

నేను షెకీనా మీద అరిచాను. దొరికినవాళ్ల మీద అరవడం నాకు అలవాటు. ఆమె గిటార్ కింద పెట్టేసింది.

"నా మీద ఒర్లకు అన్నా. రైలొస్తే ఇన్నేండ్లు ఏం జూసి వాయించిన్నో తెలుసా నీకు? కలీం భాయ్ కాలు. ఈయన కాళ్లు రెండూ ఒక్కతీరుగ ఆడ్తనే ఉంటయ్, ఏది చూడాలె నేను?"

"మరి కలీం భాయ్ ఏం చూసేవాడు?"

"నాకేం తెలుసు. నువ్వే అడుగు."

అడగడానికి మొహం చెల్లలేదు. పది రోజులు అలాగే ప్రాక్టీస్ చేశాం. ప్రతి పాటా మొదట్లో భలేగా ఉండేది, సగానికి వచ్చేసరికి కంగాళీ అయ్యేది. కారణం తెలియదు. రాత్రి నిద్ర లేదు, పగలు తిండి సయించదు. బుధవారం ఖాళీ పీరియడ్‌లో స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని, నిజానికి తిరుగుతూ, మా పాత రికార్డింగులు విన్నాను. ఫోన్‌లో తాళం లెక్కపెట్టే యాప్ ఒకటి ఉంది. ఒక చెవిలో పాట, రెండో చెవిలో దాని టిక్కుటిక్కు పెట్టుకున్నాను.

మొదటి చరణం సరిగ్గా ఉంది. రెండో చరణం మొదటి పాదంలోనే నేను టిక్కు కంటే ముందుకు జరిగాను. నాలుగో పాదానికి నేనెక్కడో, అదెక్కడో. మరి డ్రమ్స్? అవి టిక్కుతోనూ లేవు, నాతోనూ లేవు. మధ్యలో ఉన్నాయి. నన్ను కొంతదూరం పోనిచ్చి, ఆ తర్వాత ప్రతి దెబ్బా వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతూ, పల్లవి వచ్చేసరికి నన్ను తీసుకొచ్చి సరైన చోట నిలబెట్టాయి. ఇంకో పాట పెట్టాను. అదే. ఏడేళ్ల కిందటిది పెట్టాను. అదే. 'పాట వేడెక్కింది' అని నేను మురిసిపోయిన ప్రతిచోటా నేను తప్పుతున్నాను, ఆయన మోస్తున్నాడు. గంట కొట్టారు. నేను పరధ్యానంగా వెళ్లి వేరే టీచర్ క్లాసులో పాఠం మొదలుపెట్టాను.

మర్నాడు స్కూలు వదలగానే అల్వాల్ వెళ్లాను. దుకాణంలో కలీం భాయ్ కింద కూర్చుని, పొడుగాటి సూదితో బొంత కుడుతున్నాడు. నన్ను చూసి పక్కకు జరిగాడు.

"ఏందీ తమ్మీ, గిట్ల చెప్పకుండ వచ్చినవ్? జెర కూసో."

కూర్చోలేదు. క్షమాపణ అడగాలని దారి పొడవునా అనుకుంటూ వచ్చినవాణ్ని, నోరు తెరిస్తే కోపమే వచ్చింది. "రెండో చరణంలో నేను పరుగెత్తుతానని నీకు తెలుసు కదా భాయ్. పదకొండేళ్లు ఎందుకు చెప్పలేదు?"

ఆయన దారం పళ్లతో తెంపాడు. "చెప్తే ఏమైతుండె?"

"సరిదిద్దుకునేవాణ్ని."

"భయపడుతుంటివి. భయపడుకుంట పాడితే ఎవలింటరు? నీ పాట ఉరికితేనే పాట తమ్మీ. ఉరకనియ్యాలె, పడనియ్యొద్దు. గంతే నా పని."

"రైలు మోతలో నా గిటార్ నీకు వినపడదు కదా. అప్పుడెలా?"

"ఇనుడేంది, చూస్త. నువ్వు ఉరికే ముందర నీ కుడి భుజం లేస్తది. ఎన్కకెల్లి మంచిగ కనవడ్తది."

సగం మూసిన కళ్లు, వాలిన మెడ. బ్యాంకు కౌంటర్. "శనివారం రా భాయ్" అన్నాను. "హరికిషన్‌కు నేను చెప్పుకుంటాను."

"ఎట్లొస్త? మా అక్క బిడ్డ జన్నత్ ఉంది గదా, యాప్రాల్‌ల. దాని దోస్తులతోని బ్యాండ్ వెట్టింది. ఆ ఎనిమిదిట్ల వాళ్లు సుత ఉన్నరు. నువ్వు వద్దన్నంక, డ్రమ్స్‌కు మనిషి లేడని వాళ్లొచ్చి అడిగిన్రు. మాటిచ్చిన."

తప్పయిపోయిందన్న మాట నోటిదాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. బయటికొచ్చి ఏ బస్సో చూడకుండా ఎక్కేశాను.

శనివారం మా వంతు మూడోది, వాళ్లది ఆరోది. వంతు రాని బ్యాండ్లవాళ్లను స్టేజీ ముందు ఎడమవైపు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టారు. మొదటి పాట గట్టెక్కింది. రెండోది మా 'సిగ్నల్' పాట. మొదటి చరణం అయింది. రెండో చరణంలో పరుగెత్తుతానని ఇప్పుడు నాకు తెలుసు. తెలిసిన భయంతో ఇంకా ఎక్కువ పరుగెత్తాను. హరికిషన్ హుషారుగా నాతో పాటే వచ్చాడు, నన్ను దాటాడు. నేను అడిగిందల్లా ఇచ్చే మనిషి, వేగం అడిగాను, వేగం ఇచ్చాడు. మాటలు నోట్లో ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. షెకీనా డ్రమ్స్ వైపు తిరిగి, చూడ్డానికి కాలు దొరక్క, మళ్లీ నా వైపు తిరిగింది. ఇంకో రెండు పాదాల్లో పాట కుప్పకూలుతుందని ఇద్దరికీ అర్థమైపోయింది.

అప్పుడు కనిపించాడు. ముందు వరస కుర్చీలో, మెడ పక్కకు వాల్చి, కళ్లు సగం మూసి, నా కుడి భుజం కేసి చూస్తున్నాడు. కుడి అరచెయ్యి మోకాలి మీద పడుతోంది. ఒక దెబ్బ. ఒక దెబ్బ. నాకంటే వెంట్రుకవాసి ఆలస్యంగా. పదకొండేళ్లు నా వెనక కూర్చున్న మనిషి వాయించడం ఎదురుగా చూడటం నాకదే మొదటిసారి.

ఆ చేతి దెబ్బ పట్టుకుని వేగం తగ్గించాను. షెకీనా కూడా అటే చూసింది, తనూ తగ్గించింది. హరికిషన్ రెండు పాదాలు ఒంటరిగా పరుగెత్తి, తల ఎత్తి మమ్మల్ని చూసి, చెమట తుడుచుకుంటూ వెనక్కి వచ్చి కలిశాడు. పల్లవి ముగ్గురం కలిసి అందుకున్నాం. జనం చప్పట్లు కొట్టారు. మర్యాదగా కొట్టారు. బొంబాయి వాళ్లు ఏదో రాసుకుని నీళ్లు తాగారు.

ఆరో బ్యాండ్ ఎక్కింది. జన్నత్‌ది సన్నని గొంతు, పైగా బెదురు. నాకు ఉరకడం జబ్బయితే ఆ పిల్లకు జంకడం. ప్రతి పాదం ముందూ ఒక్క క్షణం ఆగిపోతోంది. కలీం భాయ్ ఆమె భుజం వైపు చూస్తూ, ఈసారి వెంట్రుకవాసి ముందుగా కొడుతున్నాడు. వీపు మీద చెయ్యి వేసి పద బిడ్డా అన్నట్టు. రెండో పాటకు ఆ గొంతు విచ్చుకుంది. హాల్లో మాటలు ఆగిపోయాయి. అందరూ జన్నత్‌నే చూస్తున్నారు. నేనొక్కణ్నే డ్రమ్మర్‌ను చూస్తూ నిలబడ్డాను, ఏడుపు ఆపుకోలేక.

ఆల్బమ్ వాళ్లకే ఇచ్చారు. "ఏం గొంతు, ఏం గొంతు!" అన్నాడు బొంబాయి నుంచి వచ్చిన పెద్దమనిషి. డ్రమ్మర్ పేరు ఎవరూ అడగలేదు.

బయట ట్రాలీ ఆటోలోకి డ్రమ్స్ ఎక్కిస్తుంటే వెళ్లి ఒక చెయ్యి వేశాను.

"రెండో చరణంల మంచిగ ఆగినవ్ తమ్మీ" అన్నాడు.

"నీ చెయ్యి చూసి ఆగాను భాయ్."

"నా చెయ్యా?" ఆయన నిజంగానే తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తాను కొట్టినట్టు ఆయనకే తెలియదు.

"తప్పు చేశాను భాయ్. చాలా పెద్ద తప్పు చేశాను. మళ్లీ రావా?"

ఆయన తాడు బిగించి ముడివేశాడు. "ఇప్పుడు కాదు తమ్మీ. ఆల్బం అయ్యేదాక పోరిని ఇడిసి రాలేను. ఏడాది పడ్తదో, ఏందో." తర్వాత నా మొహం చూసి, "పరుపులు తడుస్తలేవు గదా?" అన్నాడు.

సోమవారం సాయంత్రం హరికిషన్ రాలేదు, గదిలో నేనూ షెకీనా ఇద్దరమే ఉన్నాం. పరుపుల కింద ఇటుకలు పేర్చి 'సిగ్నల్' పాట మొదలుపెట్టాం. రెండో చరణానికి రైలు వచ్చింది. నేను కళ్లు షెకీనా కాలి మీద పెట్టి, కుడి భుజం లేవకుండా బిగబట్టి, ఏమీ వినపడని ఆ మోతలో వాయిస్తూ పోయాను. చివరి బోగీ దాటింది.

"ఒక దెబ్బ ముందొచ్చినవ్" అంది షెకీనా.

"ఒకటేనా?"

"ఒకటే."

తర్వాతి రైలు ఎప్పుడని అడిగాను. నలభై నిమిషాలు పడుతుందంది. కలీం భాయ్ వదిలేసి వెళ్లిన డ్రమ్స్ స్టూలు మూలన ఉంటే లాక్కుని, దాని మీద కూర్చున్నాను. షెకీనా నన్ను వింతగా చూసింది. రైలు వచ్చేదాకా నేను లేవలేదు.