మూడో చెయ్యి

మెటియాబ్రుజ్ బట్టల గోదాములో ముప్పై ఏళ్లుగా నడుస్తున్న ప్రోగ్రాములను ఆర్‌పీజీ అనే పాత భాష నుంచి జావాలోకి తిరగరాయాలా వద్దా అన్నది ఆ మధ్యాహ్నం తేలాలి. తిరగరాయాలని పట్టుబట్టింది నేనే. ఆర్డర్లు ఎక్కించే రుక్సానాను నా కొత్త వెబ్ పేజీ ముందు కూర్చోబెట్టాను. పాత ప్రోగ్రాములు రాసిన హనుమయ్యగారు లిలువా నుంచి వచ్చి వెనక నిలబడ్డారు.

రుక్సానా ఎడమచేత్తో గుడ్డ తాను పట్టుకుని, తెర వంక చూడకుండానే కుడిచేత్తో మీటలు టకటకా కొట్టింది. పాత ఆకుపచ్చ తెర అయితే తర్వాతి పేజీల కోసం ముందే కొట్టిన మీటలను దాచుకునేది. నా పేజీ మాత్రం తర్వాతి గడికి మౌసుతో నొక్కితేగానీ కదలక, మొదటి గడిలోనే ఆగిపోయింది.

"ఏటమ్మా మౌక్తికా, మౌసు పట్టుకోడానికి ఆవిడకి మూడో చెయ్యి కూడా నువ్వే రాసిస్తావేటి?" అన్నారాయన.

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే నిజం తెలిసింది. ఆయన కోడు అర్థం కాదేమోనన్న భయానికి నేను 'పాతది' అని పేరు పెట్టుకున్నాను. ఒప్పుకోగానే ఒళ్లంతా హుషారు పుట్టింది.

"బాబాయిగారూ, ఆర్డర్ల లెక్కల నియమాలన్నీ మీ ఆర్‌పీజీలోనే ఉండనిద్దాం. వాటిని వాడుకునే వెబ్ పేజీ నేను రాస్తాను. మీటలు మాత్రం పాతవే, ముందే కొట్టినా పోకూడదు."

"అయితే నా కోడు సదవాల గదా?"

"ఇప్పుడే!"

ఆయన పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రుక్సానా మౌసు తీసి నా ఒళ్లో పడేసింది.