ఎర్రనీళ్లు

మంత్రసాని మోకాళ్ల మీద కూర్చుని, భుజం దాకా సబ్బునురుగు పట్టించిన కుడిచేతిని నల్లావు లోపలికి పోనిచ్చాడు. మగవాడికి ఆ పేరేమిటని కొత్తవాళ్లు నవ్వుతారు. డెయిరీలో సగం దూడలు అతని చేతుల్లోనే కళ్లు తెరిచాయి మరి.

"అడ్డం తిరిగిందండీ. కాలు దొరికింది," అన్నాడు వెనక నిలబడ్డ యజమానితో.

నడుం కలుక్కుమంది. పళ్లు బిగించాడు. కిందటేడు వరసగా ఆవులకు నెలలు నిండకుండానే దూడలు పడిపోతే, వాటినీ ఈ వట్టిచేత్తోనే తీశాడు. ఆ తర్వాతే జ్వరం పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోయేది, తెల్లారేసరికి పక్కంతా చెమట. కొన్నాళ్లు పోయేది, మళ్లీ వచ్చేది. పశువుల నుంచి అంటిన క్రిమి వెన్నుపూసలో చేరిందనీ, నెలల తరబడి మందు మింగాలనీ, మధ్యలో ఆపితే కాళ్లు పడిపోతాయనీ పెద్దాసుపత్రి డాక్టరు చెప్పాడు.

మందు మొదలుపెట్టిన మర్నాడు మూత్రం ఎర్రగా వచ్చింది. మంత్రసానికి పైప్రాణాలు పైనే పోయాయి. పిడుదులు కుట్టి జ్వరమొచ్చిన ఆవులు అలాగే ఎర్రగా పోసి, మెడ వాల్చేసేవి. అతను ఎవరినీ అడగలేదు. రోజూ పొద్దున్నే భార్య మాత్రలు అరచేతిలో పెడితే నాలుక కిందికి తోసి, నీళ్లు తాగి, పెరట్లో ఉమ్మేసి వచ్చేవాడు. మూత్రం తేటపడింది. జ్వరం కూడా దాని తీరున అది కొన్నాళ్లు తగ్గింది. బతికిపోయాననుకున్నాడు, పిచ్చివాడు.

దూడ జారి గడ్డిమీద పడి తుమ్మింది. మంత్రసాని లేవబోయాడు.

"నా కాళ్లమీద ఎవరన్నా కూర్చున్నారా?" అని అడిగాడు.

ఎవరూ లేరు.

ఆసుపత్రిలో డాక్టరు వెన్ను ఫిల్ము వెలుగుకి పెట్టి చూసి, "మందులు ఆపేశారా?" అన్నాడు.

"అదేం మాటండీ? రోజూ నా చేత్తో నేనే ఇచ్చాను," అంది భార్య కోపంగా.

మంత్రసాని గోడవైపు చూస్తూ అన్నాడు. "ఎర్రగా వచ్చిందండీ. ఎర్రగా పోసిన ఆవు బతకడం నేను చూళ్లేదు."

"అది ఆ మందు రంగేనయ్యా. వేసుకున్నవాళ్లందరికీ అలాగే వస్తుంది. మేమే ముందు చెప్పాల్సింది."

భార్య అతని వైపు తిరిగింది.

"నన్నొక్క మాట అడిగితే ఏం పోయేదయ్యా?"

"భయపడతావని."

ఆమెకు అతన్ని కొట్టాలనిపించింది, కౌగిలించుకోవాలనిపించింది. మంచం పక్కన కూర్చుని స్పర్శ లేని ఆ కాళ్లు ఒత్తుతూ ఉండిపోయింది.

ఆపరేషన్ చేసి చీము తీశారు. కాళ్లు రాలేదు. విషం రక్తానికి ఎక్కిందన్నారు. ఒక మధ్యాహ్నం ఆమె తడిగుడ్డ పిండుకుని వచ్చేసరికి అతను లేడు.

కర్మలన్నీ అయ్యాక అతని సామాను తీసుకుపోదామని డెయిరీలో ఆవుల పాకలోకి వెళ్లింది. దూడ తల్లి పొదుగు కుమ్ముతోంది. అటువైపు చూడబుద్ధి కాలేదు ఆమెకు. గుంజకున్న మేకుకి అతని పనిచొక్కా వేలాడుతోంది. కుడిచెయ్యి భుజం దాకా కత్తిరించేసి ఉంది, ఎడమచేతికి మణికట్టు దగ్గర గుండీ పెట్టే ఉంది.