ఫోటో ఎక్కేదాకా

తెలుగు పాఠం అయిపోయింది, ఏడో ఎక్కం సగానికొచ్చింది, ఫోటో మాత్రం ఇంకా ఎక్కలేదు. అరుణశ్రీ ఫోన్ని కిటికీ చువ్వల మధ్య నిలబెట్టి, ఒక కన్ను దాని మీదా ఒక కన్ను పిల్లల మీదా వేసింది. నౌపడ ఉప్పుమడుల పక్కనున్న ఆ బడికి ఆమె ఒక్కతే టీచరు. సిగ్నలు కూడా ఆ ఒక్క కిటికీకే అందుతుంది.

ఫోటో దేనిదంటే, బడి మరుగుదొడ్డిది. రోజూ పదకొండులోగా పైవాళ్లకు పంపాలి. పలకల మీద మరక కనిపిస్తే సంజాయిషీ. కిందటేడు ఒకసారి ఇచ్చుకుంది. అప్పటినుంచి తాళంచెవి ఆమె హ్యాండుబ్యాగులోనే ఉంటోంది. ఆయా జగ్గమ్మ పొద్దున్నే కడిగేసి ఇంకో రెండు బళ్లకు పరిగెడుతుంది. ఫోటో ఎక్కేదాకా ఎవరూ తొక్కకూడదు. పోనీ ఎక్కాక తాళం తీసేదా అంటే, రేపటికి మరకలుంటాయేమోనని అప్పుడూ తీసేది కాదు. మగపిల్లలకు గోడవతల తుమ్మలున్నాయి. ఆడపిల్లలు ఏం చేస్తున్నారో ఆమె ఎన్నడూ అడగలేదు. అడిగితే తెలిసిపోతుంది కదా.

తర్వాత పరిసరాల విజ్ఞానం. ఖర్మ కాకపోతే, ఆ రోజు పాఠం పరిశుభ్రత.

"మూత్ర విసర్జనకు ఎక్కడికి వెళ్లాలి?"

"మరుగుదొడ్డికే వెళ్లాలి" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

"శ్రావణీ, నువ్వు లేచి చెప్పు."

నాలుగో తరగతి శ్రావణి లేవలేదు. మోకాళ్లు రెండూ దగ్గరకు నొక్కుకుని తల దించుకుంది.

"నిన్నేనే. సెవుడా నీకు?"

శ్రావణి లేచింది. లేవగానే యూనిఫారం గౌను తడిసి, బెంచీ కింద మడుగు కట్టింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పక్కనున్న కుమారి నవ్వలేదు. తన పుస్తకాల సంచి తీసి స్నేహితురాలికి అడ్డం పట్టుకుంది.

అరుణశ్రీకి ముందు కోపమే వచ్చింది. "అడగొచ్చు కదే. నోరు నేదేటి?"

"అడిగినాను మేడమ్" అంది శ్రావణి, నేల చూస్తూ. "ఎక్కాలప్పుడు. ఫోటో ఎక్కనీ అన్నారు. పొద్దున్నుంచి నీల్లు కూడా తాగనేదు మేడమ్. అయినా వచ్చీసినాది."

ఆడపిల్లల నీళ్ల సీసాలు గోడవారన వరసగా ఉన్నాయి. అన్నీ నిండుగానే ఉన్నాయి. రోజూ అలాగే ఉంటాయి. తన పిల్లలు మాటిమాటికీ నీళ్లకు లేవరని పై అధికారి దగ్గర గొప్పగా చెప్పుకుంది కూడా. అరుణశ్రీకి సిగ్గేసింది. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తన చున్నీ తీసి ఆ పిల్ల నడుముకు చుట్టింది.

అప్పుడు కిటికీలో ఫోన్ టింగుమంది. ఫోటో ఎక్కింది. పలకలు తళతళా మెరుస్తున్నాయి.

ఆమె దానివైపు చూడలేదు. వెళ్లి తాళం తీసి, తలుపు బార్లా తెరిచింది. "వెళ్లండే. ఎప్పుడొస్తే అప్పుడెల్లండి. ఇంక తాళం వెయ్యను."

ఆడపిల్లలు బయటికొచ్చి వరసగా నిలబడ్డారు. ఒక్కొక్కరే చెప్పులు విప్పి, గుమ్మం ఇవతల జతలు జతలుగా పెట్టారు.

"అక్కడికి చెప్పులతోనే ఎల్లాలే" అంది అరుణశ్రీ.

"వద్దు మేడమ్. మరకలైపోతాయి" అంది కుమారి. "మల్లీ మీకు సీవాట్లు పడతాయి."

అని లోపలికెళ్లింది. వచ్చేటప్పుడు వంగి, గౌను అంచుతో తన తడి అడుగులు ఒక్కొక్కటే తుడుచుకుంటూ వెనక్కి వెనక్కి వచ్చింది.